సమయ నియమం అధ్యక్షుడికి వర్తించదా?

మా చర్చా బృందం సమావేశాలకు ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ను నియమావళిగా స్వీకరించింది. దాని ప్రకారం ఒక ప్రతిపాదనపై ఒక్కో సభ్యుడు రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ 10 నిమిషాలకు మించకుండా మాట్లాడవచ్చు. ఆ గడువు కుదించాలంటే సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అలాంటి ఓటింగేదీ లేకుండానే గత మూడు సమావేశాల్లో అధ్యక్షుడు నన్ను 4 నిమిషాలకే ఆపేశారు. తనతో ఏకీభవించేవారిని మాత్రం 15 నిమిషాలు దాటినా సాగనిచ్చారు (గడియారం చూసి రాసుకున్నాను).

మొదటిసారి విడిగా అడిగితే, ‘అవి సూచనలే, తుది విచక్షణ నాది’ అన్నారు. రెండోసారి సభలోనే నియమోల్లంఘన అని అభ్యంతరం లేవనెత్తాను, తోసిపుచ్చారు. మూడోసారి కూడా అలాగే తోసిపుచ్చగానే ఆ తీర్పుపై సభకు అప్పీలు చేశాను, మరొకరు బలపరిచారు. ఓట్లు 9–9. సమానమైతే అధ్యక్షుడి తీర్పే నిలుస్తుంది. ఆ ఒక్క నియమం మాత్రం ఆయనకు కంఠస్థం!

వాగ్వాదం ముదిరినప్పుడు విచక్షణ అవసరమే, ఒప్పుకుంటాను. నిమిషాలు లెక్కపెట్టడానికి విచక్షణ ఎందుకో అర్థం కాదు.

అధ్యక్షుడిని తొలగించే దాకా వెళ్లకుండా, సమయ నియమాన్ని అందరికీ ఒకేలా పాటించేలా చేయడానికి మీలో ఎవరికైనా పనిచేసిన మార్గం ఏది?