మొదటి బాస్ సెట్: స్పిన్నింగా, బెయిట్‌కాస్టరా?

కొత్తగాలం_డాలస్
అందరికీ నమస్తే. డాలస్‌కి ఉత్తరాన ఉంటున్నాం. ఇంటి దగ్గరి చెరువులో లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోటి చేపలు) బాగానే ఉన్నాయి, వీలైతే లేక్ ఫోర్క్ సరస్సుకి కూడా వెళ్లాలని ఉంది. నాకూ, పదకొండేళ్ల మా అబ్బాయికీ కలిపి ఒక్క సెట్ కొనాలి. రాడ్డు (గాలపు కర్ర), రీలు (లైను చుట్టుకునే చక్రం) రెండూ 150 డాలర్లలో అయిపోవాలి. ఆఫీసులో ఒకాయన "బెయిట్‌కాస్టర్ తీసుకో, లేకపోతే ఆర్నెల్లలో మళ్లీ డబ్బులు పెడతావు" అంటున్నారు. షాపులో అడిగితే స్పిన్నింగ్ చాలన్నారు. నాకర్థమైనంతవరకు, విసిరినప్పుడు స్పూలు (లైను చుట్టిన డ్రమ్ము) తిరిగేది బెయిట్‌కాస్టర్, స్పూలు కదలకుండా లైను జారేది స్పిన్నింగ్. నాది ఎడమచేతి వాటం, వాడిది కుడిచేయి. ఏది కొనమంటారు? ఇంటికొచ్చాక రీలును ఎలా చూసుకోవాలో కూడా చెప్పండి.

ఫోర్క్_ప్రేమికుడు
బెయిట్‌కాస్టరే కొనండి బ్రదర్. బాస్ ఎక్కడుంటుంది? గడ్డిలో, మునిగిన చెట్ల మధ్య, బోట్ డాక్‌ల కింద. లేక్ ఫోర్క్ నిండా నీళ్లలో నిలబడ్డ మోడులే. టెక్సస్ రికార్డు చేప, 18.18 పౌన్లది, 1992 జనవరిలో ఆ సరస్సులోనే పడింది. అలాంటి చోట 15, 17 పౌన్ల బరువు ఆపే లైను (గాలపు దారం), మీడియం హెవీ రాడ్డు లేకపోతే చేప కొమ్మ చుట్టూ తిరిగి తెంపుకుపోతుంది. స్పిన్నింగ్ రీల్లో అంత మందం ఫ్లోరోకార్బన్ (గట్టి ప్లాస్టిక్ లైను) వేస్తే చుట్టలు చుట్టలుగా బయటికి దూకుతుంది. పైగా బెయిట్‌కాస్టర్‌లో స్పూలు మీద బొటనవేలు ఉంటుంది కాబట్టి లూర్‌ని (నకిలీ ఎరను) అనుకున్న చోట ఆపొచ్చు.

చిక్కులు పడతాయని భయపెడతారు, వినకండి. అర ఔన్సు బరువు కట్టి పెరట్లో ప్రాక్టీస్ చేయండి. స్పూలు వేగం తగ్గించే బ్రేకు ఎక్కువలో పెట్టండి. పక్కనున్న టెన్షన్ నాబ్‌ను ఎంత బిగించాలంటే, బటన్ నొక్కితే బరువు మెల్లగా కిందికి దిగాలి, నేలను తాకగానే స్పూలు ఆగిపోవాలి. అక్కడి నుంచి కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ పోవడమే.

చెరువుగట్టు
ఫోర్క్ అన్న చెప్పిన సెట్టింగ్ నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ ఆయన చేప సైజు చూసి, సరస్సు పేరు చూసి రీలు చెబుతున్నారు. నేనైతే ఎక్కువగా విసరబోయే లూర్ బరువు చూసి కొనమంటాను. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

బెయిట్‌కాస్టర్‌లో లూర్ ఎగురుతూ స్పూలును తిప్పాలి. పావు ఔన్సు కంటే తేలికైన దానికి, మామూలు ధరలో దొరికే రీల్లోని స్పూలును తిప్పేంత ఊపు ఉండదు. గట్టిగా విసిరితే స్పూలు మొదట జోరందుకుంటుంది, లూర్ గాల్లో నెమ్మదిస్తుంది, స్పూలు మాత్రం ఆగదు. లోపల లైను గుట్టగా లేస్తుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా తొందరగా లేస్తుంది, మన ఉత్తర టెక్సస్‌లో మార్చి, ఏప్రిల్ గాలులు తెలిసినవే. స్పిన్నింగ్ రీల్లో స్పూలు కదలదు, లైను అంచు మీంచి జారిపోతుందంతే.

ఇప్పుడు సబర్బ్ చెరువు సంగతి. గట్టు మీద రోజూ పదిమంది విసురుతుంటారు, చేపలు అన్ని లూర్లూ చూసేసి ఉంటాయి. అక్కడ పనిచేసేవి చిన్నవి: నెడ్ రిగ్ (చిన్న బరువు తలకి గుచ్చిన పొట్టి మెత్తటి ఎర), డ్రాప్ షాట్ (కొక్కెం పైన, బరువు కింద ఉండే అమరిక), నడుముకి కొక్కెం గుచ్చిన, సీసం కట్టని మెత్తటి ప్లాస్టిక్ పురుగు. నెడ్ రిగ్ తల ఔన్సులో పదో వంతు ఉంటుంది. దాన్ని బెయిట్‌కాస్టర్‌తో విసరమని కొత్తవాళ్లకి చెప్పడం అన్యాయం.

అసలు అందరూ మరిచిపోయింది ఇంకోటుంది. మీది ఎడమ, అబ్బాయిది కుడి. స్పిన్నింగ్ రీలు హ్యాండిల్ విప్పి అవతలి వైపు బిగించుకోవచ్చు, నిమిషం పని. బెయిట్‌కాస్టర్ హ్యాండిల్ మారదు, ఎడమదో కుడిదో కొనేటప్పుడే తేల్చుకోవాలి. ఒక్క సెట్ ఇద్దరు వాడాలంటే ఈ ఒక్క కారణం చాలు.

7 అడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ రాడ్డు, 2500 లేదా 3000 సైజు రీలు తీసుకోండి. పవర్ అంటే రాడ్డు ఎంత బరువుకు వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగుతుంది, ఒంటి కొక్కెం చేప దవడలోకి దిగడానికి అదే కావాలి. మూడు ముళ్ల కొక్కేలున్న క్రాంక్‌బెయిట్‌కి (చేప ఆకారపు గట్టి లూర్) మధ్యదాకా వంగే మోడరేట్ రాడ్డు మంచిది, లేకపోతే చేప విదిలించుకుంటుంది. అది తర్వాత చూసుకోవచ్చు.

కొరమీను_కరీంనగర్
ఇక్కడ బాస్ లేదు గానీ మా కొరమీను కూడా గడ్డిలోనే ఉంటది, అందుకే చెబుతున్న. తామరాకుల మీద రబ్బరు కప్పను లాగాలంటే మేము 40, 50 పౌన్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన లైను), హెవీ రాడ్డు, బెయిట్‌కాస్టరే వాడతం. చేప కప్పను నోట్లోకి తీసుకున్నంక ఒక్క క్షణం ఆగి గట్టిగా గుంజాలె, ఆకుల పైకి తేవాలె. ఆ పని సన్న రాడ్డుతో కాదు. కాబట్టి ఫోర్క్ అన్న మాటలో బలముంది. కానీ పిల్లగాడి చేతికి మొదలే అది ఇస్తే, చిక్కులు విప్పుకుంటనే సాయంత్రం అయిపోతది. నా ఓటు స్పిన్నింగ్‌కే.

ఫోర్క్_ప్రేమికుడు
హ్యాండిల్ మాట ఒప్పుకుంటాను, నేను దాని గురించి ఆలోచించలేదు. చిన్న లూర్ల గురించి మాత్రం పూర్తిగా ఒప్పుకోను. ఐదంగుళాల లావుపాటి మెత్తటి పురుగు సీసం కట్టకుండానే పావు ఔన్సు దాటుతుంది, బెయిట్‌కాస్టర్‌తో హాయిగా వెళ్తుంది. ఇక లేక్ ఫోర్క్‌కి మీడియం స్పిన్నింగ్‌తో వస్తే మోడుల మధ్యకి విసరకండి. తెగిన లైనుతో, నోట్లో కొక్కెంతో తిరిగే చేపను చూస్తే బాధేస్తుంది. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను వదిలేయాలన్న రూలు కూడా ఉంది, వదిలే చేపను అలసిపోయేదాకా ఆడించకూడదు. తొందరగా ఒడ్డుకు తేవాలంటే బలమైన సెట్ కావాలి.

కొత్తగాలం_డాలస్
చాలా థాంక్సండీ. అయితే స్పిన్నింగే. మరి లైను? బ్రెయిడ్ వేస్తే మొత్తం స్పూలు మీద గిర్రున తిరుగుతోందని ఎవరో రాశారు. ఇంటికొచ్చాక కొళాయి కింద కడిగి స్ప్రే కొడితే సరిపోతుందని కూడా చదివాను.

చెరువుగట్టు
బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, ఉత్త స్పూలుకి పట్టుకోదు. ముందు కొన్ని చుట్లు మోనో (ఒంటిపోగు నైలాన్ లైను) చుట్టి దాని మీద 10 లేదా 15 పౌన్ల బ్రెయిడ్ వేయండి, జారదు. చివర డబుల్ యూనీ ముడితో ఐదారు అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్, 8 లేదా 10 పౌన్లది. బ్రెయిడ్ రాళ్లకి రాసుకుంటే తొందరగా తెగుతుంది, లీడర్ అందుకు కూడా. డ్రాగ్‌ను (చేప గుంజితే లైను వదిలే బిగింపును) లీడర్ బలంలో మూడో వంతు మించకుండా పెట్టండి, చిన్న స్ప్రింగ్ త్రాసుతో లాగి చూస్తే తెలుస్తుంది. విసిరాక బెయిల్‌ను (స్పూలు ముందుండే తీగ కమ్మీని) హ్యాండిల్ తిప్పి మూయకుండా చేత్తోనే మూయమని అబ్బాయికి మొదటి రోజు నుంచే నేర్పండి. లైను మెలికలు పడటం చాలావరకు తగ్గుతుంది.

కడగడం విషయంలో ఆ సలహా వినకండి. గట్టి ధారతో కొడితే పైనున్న దుమ్ము కాస్తా లోపలి గేర్లలోకి పోతుంది. మంచినీళ్ల చెరువు నుంచి వచ్చాక తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. ఉప్పునీళ్లకి తీసుకెళ్తేనే పలచటి జల్లు, అదీ డ్రాగ్ బిగించి. తుప్పు వదిలించే స్ప్రే రీలులోకి కొడితే ఉన్న గ్రీజు కరిగిపోతుంది. బేరింగులకి రీలు నూనె ఒక్క చుక్క, గేర్లకి గ్రీజు. స్పిన్నింగ్ రీల్లో అందరూ వదిలేసేది లైను రోలర్. బెయిల్ చివర లైను ఆనుకుని తిరిగే చిన్న చక్రం అది. ఇసుక చేరి తిరగడం మానేస్తే లైను మెలి తిరుగుతుంది, అరుగుతుంది. వేలితో తిప్పి చూడండి, ఆగితే తుడిచి ఒక చుక్క వేయండి. ఇంట్లో పెట్టేటప్పుడు డ్రాగ్ వదులు చేయండి, లేకపోతే లోపలి వాషర్లు నొక్కుకుపోయి లైను కుదుపులతో వస్తుంది.

రాడ్డు గైడ్‌లలోంచి (లైను వెళ్లే రింగులు) దూదిపుల్ల తిప్పుతూ చూడండి, పోగు పట్టిందంటే రింగు పగిలినట్టే, అది కొత్త లైనును కూడా కోసేస్తుంది. గ్రాఫైట్ రాడ్డు చేపల వల్ల విరిగేది తక్కువ, కారు తలుపులో, సీలింగ్ ఫ్యానులో పడి విరిగేది ఎక్కువ. చేప దగ్గరికొచ్చాక రాడ్డును నిట్టనిలువుగా ఎత్తినా కొస పుటుక్కుమంటుంది.

ఫోర్క్_ప్రేమికుడు
ఇంకొక్కటి: గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది. ఉరుము వినబడగానే రాడ్డు కింద పెట్టి కార్లోకి వెళ్లిపోండి, కరెంటు తీగల కింద అసలు విసరకండి. అబ్బాయికి పదిహేడు నిండేదాకా టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు, మీకు మాత్రం కావాలి. వాడికి చేయి తిరిగాక బెయిట్‌కాస్టర్ కొనేటప్పుడు ఇక్కడ రాయండి, ఎడమ హ్యాండిలా కుడిదా అన్నది అప్పుడు తేలుద్దాం.