ముక్తాయింపు ఎక్కడ ఎత్తుకోవాలి?

పర్లాకిమిడి నుంచి: భజనలో డోలక్ నేర్చుకునే పిల్లలకి "ముక్తాయించు" అనగానే పాటే ఆపేస్తున్నారు. మామూలు మాటల్లో ముక్తాయింపంటే ముగింపే కదా. వాద్యంలోనూ అంతేనా?

బరంపురం నుంచి: కాదండీ. వర్ణమనే కర్ణాటక సంగీత రచనలో ముక్తాయి స్వరం పూర్వాంగం (మొదటి సగం) చివరొస్తుంది, ఆ తర్వాత చరణం ఉండనే ఉంది. వాద్యంలోనూ ఒక జతిని (దెబ్బల వరసని) మూడుసార్లు వాయించి పల్లవి అందించడమే ముక్తాయింపు.

లెక్క వెనకనుంచి వెయ్యాలి. ఆది తాళం 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రలు, మొత్తం 32. "త ధి గి ణ తొం" 5 మాత్రలు, మూడుసార్లకి 15. కాబట్టి 17 మాత్రలు నడక (మామూలు వాయింపు) వాయించి 18వ దాంట్లో ఎత్తుకోవాలి. తాళంలో మొదటి దెబ్బ, మూడు వేళ్ళ లెక్క అయ్యాక పడే దెబ్బ 17వది, దాని పక్క మాత్రే ఇది. ఆ దెబ్బ మీదే ఎత్తుకుంటే జతి ఒక మాత్ర ముందే అయిపోతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

జతికీ జతికీ మధ్య ఒక్కో మాత్ర ఖాళీ పెడితే మొత్తం 17. అప్పుడు ఎత్తుగడ 16వ మాత్రలో, అంటే మధ్యవేలు లెక్కలో చివరి మాత్ర. వేగం పెరిగితే ఆ ఖాళీని మింగేస్తారు. "తొం" తర్వాత "ఉం" అని నోటితో పలికించండి. నోట నిలబడ్డాకే డోలక్ ముట్టనివ్వాలి.

రాయగడ నుంచి: ఇదే జతి తబలావాళ్ళు వాయిస్తే మాత్ర తేడా వస్తోందేం మాస్టారూ?

బరంపురం నుంచి: తిహాయిలో, అంటే వాళ్ళ ముక్తాయింపులో, ఆఖరి దెబ్బే సమం (తాళం మొదలయ్యే చోటు) మీద పడాలి. మనకి తొం అయిపోయాక సమం. అందుకని వాళ్ళు 19లో ఎత్తుకుంటారు. ఇద్దరిదీ ఒప్పే, కానీ ఏ పద్ధతో ముందే అనుకోవాలి. ఒడిశీ వాద్యం మర్దలలో ఇలాంటిదే "మాన", అది కూడా మూడుసార్లే.

పర్లాకిమిడి నుంచి: మరి పల్లవి సమం మీద కాకుండా అర అక్షరం దాటి మొదలైతే?

బరంపురం నుంచి: రెండు మాత్రలు జరపండి, 20వ దాంట్లో ఎత్తుకోవాలి. ఖండచాపు తాళాన్ని 5 మాత్రలుగా కొడితే ఈ గొడవే లేదు, మూడు జతులు మూడు ఆవర్తాలకి (తాళం చుట్లకి) సరిపోతాయి. తేలికే గానీ, వినడానికి చప్పగా ఉంటుంది. అన్నట్టు, ముక్తాయింపు నడుస్తున్నంతసేపూ తాళాలవాళ్ళు జతి వెంట పడకూడదు. అక్షరానికొక్క దెబ్బే కొట్టాలి, లేకపోతే పాడేవాళ్ళకి సమం దొరకదు.