అనంతగిరి ఎక్కుతుంటే కాగిపోతున్న పాత జిప్సీ

ప్రశ్న (సైనిక్‌పురి):
నాది 1998 నాటి మారుతి జిప్సీ కింగ్, కార్బురేటర్ ఇంజను. ఔటర్ రింగు రోడ్డు మీద 80 వేగంతో ఎంత దూరం పోయినా ఇంజను వేడి చూపే మీటరు ముల్లు సగం దాటదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, అనంతగిరి వైపు మట్టిదారిలో లో గేరు వేసి నెమ్మదిగా ఎక్కించినా ఎర్ర గీత దాకా లేస్తోంది. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గడం లేదు. తెల్ల పొగ లేదు. మెకానిక్ మాత్రం "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ, తీసేద్దాం, రేడియేటర్ కూడా కొత్తది వేద్దాం" అంటున్నారు. ఇది మా నాన్నగారు ముచ్చటపడి కొన్న బండి. ఇంజను పాడైతే నా మనసు ఒప్పుకోదు. ఏం చేయమంటారు?

జవాబు (బోయినపల్లి):
దయచేసి థర్మోస్టాట్ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు అది. తీసేస్తే ఇంజను సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు అలాగే ఉంటుంది.

మీ బండి తన బాధేమిటో తానే చెబుతోంది. రింగు రోడ్డు మీద వేగానికి గాలి రేడియేటర్‌లోకి దానంతటదే దూసుకొస్తుంది. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే ముందు అక్కడే కాగేది. నెమ్మదిగా పోయేటప్పుడు గాలిని లాగాల్సింది ఫ్యాన్. మీ ఫ్యాన్ మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. వేడి తగిలితే ఆ నూనె ఫ్యాన్‌ను పట్టి గట్టిగా తిప్పుతుంది. ఇన్నేళ్ల బండ్లలో ఆ నూనె కారిపోవడమే నేను ఎక్కువగా చూశాను.

ఇంజను బాగా వేడెక్కాక ఆపి, తాళంచెవి తీసేసి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పండి. బరువుగా, ఎదురు పట్టినట్టు ఉండాలి. గిర్రున తిరిగితే క్లచ్ పోయినట్టే. దాని ముందు భాగంలో దుమ్ము పట్టిన జిడ్డు చారలు కనిపిస్తే ఇక అనుమానమే అక్కరలేదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో కూడా చూడండి. మరమ్మతుల్లో దాన్ని విప్పి మళ్లీ బిగించని వాళ్లు చాలామంది. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ నుంచి కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది.

జవాబు (ఉప్పల్):
రేడియేటర్ మూత కూడా మార్చండి, ఖర్చు తక్కువే. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, మామూలుగా నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 బార్ మూత పీడనం సరిగా పట్టి ఉంచితే 118 దాకా ఆగుతాయి. బోరు నీళ్లు మాత్రం పోయకండి, లోపల సున్నపు పొర కడుతుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలపండి. మట్టిదారి నుంచి వచ్చాక రేడియేటర్ రేకుల్లోని బురదను ఇంజను వైపు నుంచి బయటికి పోయేలా నీళ్లతో కడగండి.

సైనిక్‌పురి:
చూశానండీ. వేడి మీద కూడా గిర్రున తిరిగింది, జిడ్డు చారలూ ఉన్నాయి. తొడుగు మాత్రం బాగానే ఉంది.

బోయినపల్లి:
అయితే పాత క్లచ్ విప్పి రాణిగంజ్ పట్టుకెళ్లండి, పక్కన పెట్టి సరిచూసుకుని కొనండి. కొత్తదాన్ని బండిలో పడుకోబెట్టి తేకండి, నూనె కారుతుంది, నిలబెట్టే ఉంచండి. బిగించేటప్పుడు బెల్టు బిగువు, వాటర్ పంపు ఊగుతోందేమో చూడమనండి. అప్పటికీ వేడెక్కితే ఇగ్నిషన్ టైమింగ్ చూపించండి. నిప్పురవ్వ ఆలస్యంగా పడినా ఇంజను కాగుతుంది.