పాడువాలో రోజూ వెళ్లేందుకు కాఫీ బార్‌ను ఎలా ఎంచుకోవాలి?

కావలి విద్యార్థి:
పెద్దలందరికీ నమస్కారం. ఈ సెప్టెంబరు చివర ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేరబోతున్నాను. తెల్లవారేసరికి ఇత్తడి ఫిల్టరులో దిగిన డికాక్షన్‌లో చిక్కటి గేదెపాలు కలుపుకొని తాగడం మా ఇంట్లో తాతగారి నాటి నుంచి వస్తున్న అలవాటు కనుక, అక్కడ రోజూ వెళ్లేందుకు ఒక చోటును ఖాయం చేసుకోవాలని ఉంది. 1831లో తెరిచిన పెద్రోక్కి కేఫ్ విశ్వవిద్యాలయ ప్రధాన భవనానికి ఎదురుగానే ఉందట. దాన్నే ఎంచుకోవచ్చా? ‘బార్’ అన్న మాట వినగానే మా అమ్మ కంగారు పడుతోంది.

ఒంగోలు అక్క (అక్కడ రెండేళ్లు చదివాను):
తమ్ముడూ, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పు. ఇటలీలో బార్ అంటే ప్రధానంగా కాఫీ తాగే చోటు. మద్యం కూడా ఉంటుంది గానీ, పొద్దున వచ్చేవాళ్లంతా కాఫీ కోసం, దానితోపాటు తినే తీపి రొట్టె కోసం వస్తారు.

పాడువాలో మన కాలేజీల మాదిరి ప్రహరీ గోడ లోపల ఒకే ప్రాంగణం ఉండదు, విభాగాలు ఊరంతా చెదిరి ఉంటాయి. అందువల్ల పేరున్న చోటు కంటే నీ గది నుంచి తరగతికి నడిచే దారిలో ఉన్నదే మేలు. అక్కడ కాఫీని కౌంటరు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో తాగేస్తారు. కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. కొన్నిచోట్ల ముందు డబ్బు కట్టి రసీదు చూపించాలి. ‘లాత్తే’ అని అడిగితే ఉత్త పాలు ఇస్తారు, నేను మొదటి రోజే అలా పాలు తాగి తరగతికి వెళ్లాను. మన రుచికి దగ్గరగా కావాలంటే ‘కఫెలాత్తే’ అడుగు, చిక్కగా కావాలంటే కొద్దిగా పాలు వేసిన చిన్న కాఫీ, ‘మకియాతో’.

నేను ఎంచుకున్నది మా విభాగం మలుపులోని చిన్న బార్. రోజూ ఎనిమిదింటికి వెళ్లడం వల్ల నవంబరు వచ్చేసరికి, నేను తలుపు తీయగానే కౌంటరు వెనకాల ఉన్న పెద్దావిడ అడగకుండానే మకియాతో మొదలుపెట్టేది. పరదేశంలో నన్ను గుర్తుపట్టిన మొదటి మనిషి ఆవిడే.

నెల్లూరు అధ్యాపకుడు:
అక్కగారి మాట నిజమే గానీ, పెద్రోక్కిని పూర్తిగా వదులుకోవద్దని నా అభిప్రాయం. అక్కడి పచ్చ గదిలో ఏమీ కొనకుండా కూర్చుని చదువుకోవడం పాతకాలం నుంచి వస్తున్న ఆచారం. 1848 ఫిబ్రవరి 8న, అప్పట్లో ఆ ఊరిని ఏలుతున్న ఆస్ట్రియా సైనికులకు ఎదురుతిరిగిన విద్యార్థుల మీద పేలిన తూటా గుర్తును తెల్ల గది గోడ మీద ఇప్పటికీ చూడవచ్చు. గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం కూడా ఇదే. పరీక్ష ముగిసిన రోజున వెళ్లి పుదీనా మీగడ వేసిన వాళ్ల ప్రత్యేక కాఫీ తాగండి. దాన్ని చెంచాతో కలపకూడదు.

పొదిలి గృహిణి:
బాబూ, ఫిల్టరు, చికోరీ కలిపిన పొడి తీసుకెళ్లు. పాల పదార్థాలను ఐరోపాలోకి సామానులో తీసుకుపోనివ్వరు కాబట్టి మలై కాజాలు మాత్రం పెట్టుకోవద్దు.

కావలి విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. గది దొరికాక, మొదటి వారం దారిలోని ఒక్కో బార్‌కు రోజూ ఎనిమిదింటికే వెళ్లి చూస్తాను. అక్కగారి జవాబు అమ్మకు చదివి వినిపించాను. ఆ పెద్దావిడ ఇంకా అక్కడే ఉన్నారా అని అడగమంటోంది.