అంతరిక్ష పరిశోధనకి కొనబోయే సూపర్ కంప్యూటర్లో జీపీయూలే ఉండాలా?

బందరురోడ్డు_వాసు:
2024 సెప్టెంబరులో పుణె, ఢిల్లీ, కోల్‌కతాలో మూడు పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్లు పెట్టారుగా, 130 కోట్లతో. పుణెది రేడియో టెలిస్కోపు వాళ్ళకి. ఇకమీదట కొనేవి మామూలు సీపీయూలు కాదు, ఒకేసారి వేల లెక్కలు చేసే జీపీయూ చిప్పులతోనే పూర్తిగా కొనాలంటాను. అమెరికా సూపర్ కంప్యూటర్ ఫ్రాంటియర్ 2022లో ఎక్సాఫ్లాప్, అంటే సెకనుకి పదివేల కోట్ల కోట్ల లెక్కలు, దాటిందంటే జీపీయూల వల్లే.

అరండల్‌పేట_రామం:
130 ఒక్కోదానికా, మూడిటికా?

బందరురోడ్డు_వాసు:
మూడిటికీ కలిపి రామం గారూ. పాయింటు అది కాదు.

అరండల్‌పేట_రామం:
ఫ్రాంటియర్ 21 మెగావాట్లు తాగుతుందట. మా వీధిలో మే నెలలో నాలుగు ఏసీలు ఒకేసారి వేస్తే ఫేజు పోతుంది. ముందు కరెంటు సంగతి చెప్పండి.

కొత్తపేట_కుర్రాడు:
ఇప్పుడొచ్చే జీపీయూలు ఏఐ కోసం 8 బిట్, 4 బిట్ లెక్కలకి చేస్తున్నారు అన్నా. కోట్ల ఏళ్ళ గ్రహకక్ష్యలు లెక్కేయాలంటే 64 బిట్, అంటే ఇంకా ఎక్కువ అంకెల దాకా ఖచ్చితంగా ఉండే లెక్క, కావాలి, లేకపోతే ఆ చిన్న తేడాలే పోగై గ్రహం ఎటో పోతుంది.

బ్రాడీపేట_సుధ:
నా సంగతి వినండి. కొత్త నక్షత్రం చుట్టూ తిరిగే ధూళిలో గ్రహాలెలా పుడతాయో, అదీ నా పీహెచ్‌డీ. కోడు ఫోర్ట్రాన్ అనే పాత భాషలో ఉంది, మా సీనియర్ వాళ్ళ సీనియర్ రాసింది, కామెంట్లు ఒక్కటి లేవు. పదకొండు రోజులు సూపర్ కంప్యూటర్ క్యూలో ఉంటే నా జాబ్, అంటే నా లెక్క, మొదలైంది, 48 గంటల లిమిటు, 47వ గంటలో డిస్కు నిండి ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలెట్టడానికి వాడే రీస్టార్ట్ ఫైలు సగమే రాసి చచ్చింది, మళ్ళీ క్యూ చివరికి. ఆ పదకొండు రోజులూ పక్కన జీపీయూ నోడ్లు, అంటే అందులోని జీపీయూ కంప్యూటర్లు, ఖాళీ! మా కోడు వాటి మీద నడవదు.

బందరురోడ్డు_వాసు:
ఖాళీగా ఉన్నాయని మీరే అంటున్నారు. కోడు మార్చుకుని వాడుకోవాల్సింది.

బ్రాడీపేట_సుధ:
మార్చుకోవాల్సిందా? ఎవరు, నేనొక్కదాన్నా? విశ్వం సిమ్యులేషన్లు చేసే హాక్ కోడు ఫ్రాంటియర్ మీద పాత సూపర్ కంప్యూటర్ టైటాన్ కన్నా దాదాపు 300 రెట్లు వేగంగా నడిచింది, నిజమే. కానీ అక్కడ మెషీన్ రాకముందే, 2016 నుంచే, కోడ్లు సిద్ధం చేయడానికి వేరే ప్రాజెక్టు, వేరే డబ్బు, వేరే మనుషులు. నేను ఆర్నెల్లు కూర్చుని ఒక సబ్‌రొటీను, అంటే కోడులో ఒక ముక్క, మార్చితే మా గైడు "పేపరేదమ్మా" అన్నారు. మీకేం, బిగించి బిల్లు పెట్టేస్తారు.

బందరురోడ్డు_వాసు:
నోరు జాగ్రత్త మేడమ్. పద్దెనిమిదేళ్ళుగా సర్వర్లు బిగిస్తున్నా, రాత్రి మూడింటికి ఏసీ ఆగిపోతే పరిగెత్తేది మేమే. విషయం చెప్పనా? ఇక్కడ మెషీన్ అంటే ఫైలు కదులుతుంది, రిబ్బను కట్ చేస్తారు. కోడు రాసే నలుగురికి అయిదేళ్ళ జీతం అని రాయండి, ఆ కాగితం టేబులు దాటదు. అందుకే మెషీనే అడగమంటున్నా.

బ్రాడీపేట_సుధ:
అలా మనుషుల్ని అడక్కుండా ఊరుకోబట్టే కదా నేను చదువు మధ్యలో వదిలేసి గుంటూరు వచ్చి ట్యూషన్లు చెప్పుకుంటున్నది. జీపీయూ పెట్టండి, సీపీయూ పెట్టండి, నాకు గొడవ లేదు. ఆ 130 కోట్ల లాంటి దాంట్లో 10 కోట్లు మనుషులకని ముందే రాసి పెట్టమంటున్నా.

బందరురోడ్డు_వాసు:
10 తీస్తే నోడ్లు తగ్గుతాయి.

బ్రాడీపేట_సుధ:
తగ్గనివ్వండి.

అరండల్‌పేట_రామం:
మూడిటికీ 130 అంటే ఒక్కోటి 43 పైచిలుకు. కరెంటు బిల్లు అందులోనేనా, విడిగానా?