అప్‌డేట్: మా యార్కీ దగ్గు సంగతి

ఆరు వారాల కిందట అడిగాను కదా, మా నాలుగేళ్ల యార్క్‌షైర్ టెర్రియర్ (యార్కీ) కుక్క బయటికి తీసుకెళ్తే చాలు, బాతు అరిచినట్టు దగ్గుతోందని. గొంతులో ఏదో ఇరుక్కుందనుకున్నా. కాదు. డాక్టర్ ఎక్స్‌రే తీసి, శ్వాసనాళం మెత్తబడి లోపలికి నొక్కుకుపోతోందన్నారు. ఈ జాతిలో తరచూ వచ్చేదేనట. పిల్లి కనబడగానే ఇది ముందుకు లాగేది, కాలర్ సరిగ్గా అక్కడే నొక్కేది.

మీలో చాలామంది చెప్పినట్టే కాలర్ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ కొన్నా. మొదటి రోజు శిలావిగ్రహంలా నిలబడిపోయింది, అడుగు వేస్తే ఒట్టు! ఇప్పుడు అలవాటైంది. బరువు కూడా తగ్గించమన్నారు. యార్కీలు మూడు కిలోల దగ్గరుండాలి, మాది నాలుగున్నర. (తప్పు నాదే, అడిగిందల్లా పెట్టా.) తిండి కొలిచి పెడుతున్నా, ఇప్పటికి 4.2కి దిగింది. దగ్గు రోజుకోసారికి తగ్గింది, అదీ ఎవరైనా తలుపు తడితే. పూర్తిగా పోదు, అదుపులో ఉంచుకోవాల్సిందేనన్నారు.

ఒక్కటే చిక్కు. హార్నెస్ రాసుకుని చంకల కింద వెంట్రుకలు అట్టలు కట్టేస్తున్నాయి, సిల్కులాంటి జుట్టు కదా. రోజూ దువ్వి దువ్వి విసుగొచ్చి అక్కడ మాత్రం పొట్టిగా కత్తిరించేశా.