‘హే సాపా’నా, ‘ఖే సాపా’నా?

వెంకటలక్ష్మి: “మనుషులు నడిచే నేలను ఎవరూ అమ్ముకోరు.” అమెరికా ఆదివాసులైన లకోటాల నాయకుడు క్రేజీ హార్స్ పేరు మీద చలామణీలో ఉన్న మాట. తెలుగులో చివర ‘అమ్ముకోరు’ అనాలా, ‘అమ్మరాదు’ అనాలా? పక్కనే ‘హే సాపా’ అని, వాళ్ల నల్లకొండల (బ్లాక్ హిల్స్) పేరు కూడా ఉన్నట్టు గుర్తు.

సూరిబాబు: ముందు ఆ ‘హే’ సంగతి తేల్చండి. లకోటా భాషలో మామూలు ‘హే’ అంటే కొమ్ము, ‘సాపా’ అంటే నలుపు. కొండవరుస కావాలంటే గొంతులో గరగరలాడే హకారం పలకాలి, ఉర్దూ ‘ఖబర్’లో లాగా. కాబట్టి ‘ఖే సాపా’. ‘హే సాపా’ నల్లకొమ్ము అవుతుంది.

భాస్కర్: ‘ఖ’ రాస్తే మనవాళ్లు ‘ఖడ్గం’లో లాగా పలుకుతారు. ఆ ఒత్తు ఖకారం లకోటాలో వేరే ఉంది! హాయిగా ‘పహా సాపా’ అనండి. పహా అంటే గుట్ట, పేచీ లేదు.

సూరిబాబు: పేచీ ఎక్కడికి పోతుంది భాస్కర్ గారూ? లకోటా గురువు బ్లాక్ ఎల్క్ అసలు పేరు ‘హెఖాకా సాపా’. ఒక్క మాటలో రెండు హకారాలూ ఉన్నాయి. 2016లో ఆ కొండల్లోని హార్నీ శిఖరానికి పెట్టింది ఆయన పేరే.

పద్మావతి: ‘నల్లమల’ అనేస్తే సరి. అర్థం అదే కదా.

భాస్కర్: పాఠకుడు నేరుగా శ్రీశైలం వెళ్లిపోతాడమ్మా! కొండను అక్షరాల మోతతోనే నిలబెట్టినవాడు పెద్దన. ‘అటజని కాంచె’లో ఆ మోత తీసేసి చదవండి, హిమాలయం సగానికి కుంగుతుంది.

పద్మావతి: పెద్దన మీద ఇంకో చర్చ పెట్టుకుందాం. అడిగింది ‘అమ్ము’ గురించి. అసలు అమ్మకమే జరగలేదు. అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం 12వ అధికరణం ప్రకారం నేల వదులుకోవాలంటే వాళ్ల వయోజన పురుషుల్లో నాలుగింట మూడు వంతులు సంతకం చేయాలి. 1876లో కొండలు ఇస్తేనే తిండి అని అమెరికా కాంగ్రెస్ రేషన్‌కు ముడిపెట్టినా, పదోవంతు మందే చేశారు. 1877లో చట్టం చేసి లాక్కున్నారు. 1980లో సుప్రీంకోర్టు 1.71 కోట్ల డాలర్లకు 1877 నుంచి 5 శాతం వడ్డీ కలిపి ఇమ్మంది. తీసుకుంటే అమ్మినట్టే అవుతుందని వాళ్లు ఆ సొమ్ము ముట్టలేదు. అందుకే ‘కో’ ఉండాలి. అమ్ముకోవడంలో సొంత లాభం ఉంది, ‘అమ్మరు’లో అది లేదు.

సూరిబాబు: ‘అమ్మరాదు’ మరీ శాసనంలా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ‘కో’లో ఎద్దేవా ఎక్కువ. కొండల ధర మాట్లాడటానికి 1875లో వచ్చిన కమిషన్‌కు చెప్పే జవాబులో అది అతకదు.

భాస్కర్: మీరిద్దరూ ‘కో’ పట్టుకున్నారు, క్రేజీ హార్స్ అసలు పేరులో ‘త’ను ఎవరూ పట్టించుకోరేం? తషుంకె విట్కో: ‘అతని గుర్రం వెర్రిది’. ఆ ‘అతని’ అనేది ‘త’లో ఉంది. ‘వెర్రి గుర్రం’ అని రాసినవాళ్లు దాన్ని మింగేశారు.